సార్ యాదిలో మూడు రోజుల హాకీ: సాయం పట్టిన అందరికీ దండాలు

మాకు హాకీ నేర్పిన సార్ యాదిలో శుక్రవారం పొద్దున మంచులో మొదలైన స్మారక హాకీ పోటీలు ఆదివారం పొద్దుగూకే యాళ్లకు ఫైనల్‌తో అయిపోయాయి. బాలుర జట్లు ఎనిమిది, బాలికలవి నాలుగు. హన్మకొండ, కాజీపేట పిల్లలే కాక జనగామ, పరకాల, మహబూబాబాద్, కరీంనగర్, మంచిర్యాల నుంచి కూడా వచ్చి ఆడారు. 19 మ్యాచులకు ఉన్నది ఒక్కటే మైదానం, అదీ మొరం (కంకర మట్టి) నేల. ఒక్క మ్యాచ్ కూడా రద్దు కాలేదు, ఎవరికీ పెద్ద దెబ్బ తగల్లేదు. పేర్లు రాయొద్దని సాయం చేసినవాళ్లే అన్నారు. అందుకని పని చెప్తాం, పేరు చెప్పం. ఎవరి పని వాళ్లకు తెలుసు.

మొదటి దండం నీళ్ల ట్యాంకర్ అన్నకు. 91.40 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు అంటే 5,027 చదరపు మీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి పోస్తే చదరపు మీటరుకు లీటరు కూడా పడదు. దుమ్ము అణుగుతుంది తప్ప నేల తడవదు. గురువారం సాయంత్రం అన్న నాలుగు ట్యాంకర్లు పోశాడు, తర్వాత రోజూ మధ్యాహ్నం రెండింటికి ఒకటి. డీజిల్ పైసలు తప్ప ఏమీ తీసుకోలేదు. శనివారం ట్యాంకర్ రావడం బాగా ఆలస్యమైంది. ఆ రోజు మూడింటికి మొదలైన మ్యాచ్‌లో లేచిన దుమ్ము చూసినవాళ్లకు ఆ ఒక్క ట్యాంకర్ విలువ ఏంటో చెప్పనక్కర్లేదు.

రోలర్ ఇచ్చి, పొద్దున ఐదింటికే వచ్చి తిప్పిన తాతకు రెండో దండం. నీళ్లు పోయగానే రోలర్ ఎక్కిస్తే మట్టి డ్రమ్ముకు అంటుకుని పొరలు పొరలుగా లేస్తుంది. బాగా ఎండినాక తిప్పితే మొరం రాళ్లు కూరుకుపోవు, పైనే దొర్లుతాయి. రాత్రంతా నాననిచ్చి, పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, చెయ్యికి మాత్రం అంటొద్దు. తాత పదును చూసే పద్ధతి అది. రోలర్ కంటే ముందు గంపలు పట్టుకుని వరుస కట్టి రాళ్లు ఏరింది తొమ్మిదో తరగతి పిల్లలు. రెండు ట్రాలీల రాళ్లు పోయాయి. బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. గోలీ అంత రాయి తగిలినా నేల మీద పోయే బంతి మొహం ఎత్తుకు లేస్తుంది. ఈ మాట సార్ దగ్గర నేర్చుకున్న ఎవరికీ కొత్త కాదు. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్ హాకీ కృత్రిమ టర్ఫ్ మీదికి పోయింది, మన పిల్లలకు ఇంకా మొరమే దిక్కు. ఆ మొరాన్నయినా మంచిగా ఉంచుకోవాలి కదా.

గీతల సంగతి కొంచెం వివరంగా రాస్తున్నాం, వచ్చే ఏడు ఇంకెవరైనా చేసేటప్పుడు పనికొస్తుంది. సార్ స్టోర్ రూంలో రేకు డబ్బా అడుగున చుట్ట చుట్టిన జీఐ (జింకు పూత ఇనుప) తీగ ఒకటి దొరికింది. దానికి నాలుగు చోట్ల ఎర్ర గుడ్డ పీలికలు ముడేసి ఉన్నాయి. టేపు పెట్టి చూస్తే మొదటి ముడి 3.66 మీటర్లు, అంటే గోల్ వెడల్పు. రెండోది 10 మీటర్లు, పెనాల్టీ కార్నర్‌కు (అవతలి జట్టు తప్పు చేస్తే దొరికే అవకాశం) గోల్ గీత మీంచి బంతి తోసే గుర్తు దగ్గరి గోల్ స్తంభం నుంచి అంత దూరంలో ఉండాలి. మూడోది 14.63, గోల్ ముందు అర్ధవృత్తంలా ఉండే 'డి' గీత వ్యాసార్ధం. చివరిది 22.90, గోల్ గీత నుంచి ముందరి అడ్డగీత దాకా. ఒక్క ముడి కూడా వేలెడు తేడా లేదు. నైలాన్ తాడుతో ఇదే పని చేస్తే గుంజినకొద్దీ సాగుతుంది, 'డి' ఒక పక్క పెద్దగా, ఒక పక్క చిన్నగా వస్తుంది. ఇంకో తప్పు చాలా మైదానాల్లో కనబడుతుంది: గోల్ మధ్యలో మేకు కొట్టి అర్ధవృత్తం తిప్పేస్తారు. అట్ల కాదు. ఒక్కో స్తంభం దగ్గర నుంచి ఒక్కో పావు వృత్తం గీసి, మధ్యలో 3.66 మీటర్ల తిన్నని గీతతో కలపాలి. మైదానం మూలలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నది ఐమూలగా కొలిస్తే తేలిపోతుంది. రెండు పక్కలా 106.67 మీటర్లు రావాలి. మాకు మొదటిసారి అరమీటరు తేడా వచ్చింది, మళ్లీ గీశాం.

ముగ్గు పిండి ఆరు బస్తాలు ఉచితంగా ఇచ్చిన కిరాణం సేటుకు ధన్యవాదాలు. అన్ని గీతలూ కలిపి 560 మీటర్ల దాకా ఉంటాయి, ఒకసారి గీయడానికి యాభై కిలోల బస్తాలు రెండు పట్టాయి. సున్నం చవక అని ఎవరైనా అంటే వినకండి. చెమట చేతులకు, కింద పడ్డ పిల్లల కండ్లకు అది మంట పెడుతుంది.

వడ్రంగి అన్న లెక్క మాత్రం చూడముచ్చటగా ఉంది. గోల్‌లో వెనక చెక్క 3.66 మీటర్లు, పక్క చెక్కలు కనీసం 1.20, ఎత్తు 460 మిల్లీమీటర్లు. ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటును నిలువుగా కోస్తే ఆ ఎత్తు పట్టీలు రెండు వస్తాయి. ఒక నిండు పట్టీకి సగం పట్టీ అతికితే పన్నెండడుగులు, అంటే సరిగ్గా 3.66. మిగిలిన సగాలు పక్కలకు. రెండు గోల్‌లకూ మూడే షీట్లు, ఇంకా ఒక పట్టీ మిగిలింది కూడా. లోపలి వైపు ముదురు రంగు వేశాడు. చెక్క లేకపోతే ఏమవుతుందంటే, పెనాల్టీ కార్నర్‌లో మొదటి హిట్ ఆ ఎత్తు దాటి పోతే గోల్ ఇవ్వరు కదా, దాటిందా లేదా అని అంపైర్ దేన్ని చూసి చెప్పాలి? చెక్కకు తగిలి 'టక్'మంటే వాదనే ఉండదు.

వలలు వడ్డేపల్లి చెరువు దగ్గరి చేపలు పట్టే అన్నలు కట్టారు. మేం బిగించి కట్టమన్నాం, వాళ్లు నవ్వి వదులుగా కట్టారు. వాళ్లదే రైటు. బిగువుగా ఉంటే బంతి తగిలి బయటికి ఎగిరొస్తుంది, గోల్ అయిందా కాలేదా అని లొల్లి మొదలవుతుంది.

గోల్ కీపర్ కిట్ ప్రతి జట్టుకూ ఉండదు. మూడు కిట్లు అరువిచ్చిన రైల్వే పాత ఆటగాళ్లకు, తెగిన కిక్కర్ల (కీపర్ పాదాలకు కట్టుకునే ప్యాడ్లు) పట్టీలు చౌరస్తాలో కూర్చుని కుట్టిచ్చి పైసలు వద్దన్న పెద్దాయనకు రుణపడి ఉంటాం. ఒక మ్యాచ్ ఆడిన కిట్ చెమటతో బరువెక్కుతుంది. ఎండలో గంట ఆరేయకుండా ఇంకో పిల్లకు తొడిగితే జారుతుంది, ఒళ్లు ఒరుసుకుంటుంది. అందుకే మూడు కావాల్సి వచ్చాయి. పెనాల్టీ కార్నర్‌కు డిఫెండర్లు పెట్టుకునే ముఖ కవచాలు ఒక్కో జట్టుకు నాలుగు చాలు, ఐదో మనిషి కీపరే కాబట్టి.

నిబంధన ప్రకారం ఆట పదిహేను నిమిషాల భాగాలు నాలుగు. ఒకే మైదానం కనుక నాలుగు పదులకు కుదించాం. విరామాలు కలిపి 49 నిమిషాలు, మ్యాచ్‌కు గంట చొప్పున పొద్దున నాలుగు, సాయంత్రం మూడు. ఒప్పుకున్న మేనేజర్లందరికీ కృతజ్ఞతలు. మొదటి రోజు మంచుకు అవతలి గోల్ కనబడక 35 నిమిషాలు ఆగాల్సి వచ్చినా ఎవరూ విసుక్కోలేదు. అంపైర్లు భత్యం తీసుకోలేదు. షూటౌట్ (స్కోరు సమమైతే ఒక్కొక్కరు కీపర్ ఒక్కరి మీదికి పోయి గోల్ కొట్టేది) దాకా పోయిన సెమీఫైనల్‌లో ఒక్కొక్కరికి ఇచ్చే ఎనిమిది సెకన్లు లెక్కపెట్టడానికి ఇద్దరు పీఈటీ సార్లు రెండు స్టాప్‌వాచీలు పట్టుకుని కూర్చున్నారు. ఒక్కటే ఉండి అది మొరాయిస్తే ఆ గొడవ ఊరంతా తిరుగుతుంది.

వైద్యం వైపు నర్సింగ్ చదివే అక్కలు ముగ్గురు ఉన్నారు. చిట్లిన పెదాలు రెండు, బెణికిన చీలమండలు నాలుగు. ఐస్ ఫ్యాక్టరీ నుంచి రోజుకు రెండు దిమ్మలు వచ్చాయి. ఐస్ గుడ్డలో చుట్టే పెట్టాలి, నేరుగా చర్మం మీద కాదు. పన్ను ఊడితే వేయడానికని ఒక గ్లాసు పాలు మూడు రోజులూ బల్ల మీద పెట్టి ఉంచారు. అవసరం పడలేదు, సాయంత్రం పూట చాయ్‌లోకి పోయాయి.

వంట అమ్మలకు ఏం చెప్పినా తక్కువే. పూటకు 35 కిలోల బియ్యం, పప్పుచారు, పెరుగు. సాయంత్రం ఆడేవాళ్లకు పన్నెండున్నరకే వడ్డించారు, ఆటకు రెండు గంటల ముందే తిండి అయిపోవాలని.

గెలిచినవాళ్లకు నగదు ఎందుకు ఇవ్వలేదని కొందరు అడిగారు. నగదు పెడితే అద్దె ఆటగాళ్లు వస్తారు, బడి పిల్లలు బెంచీ మీద కూర్చుంటారు. విజేతలకు కీపర్ కిట్, రెండో స్థానానికి రెండు డజన్ల బంతులు ఇచ్చాం. సార్ ఫొటో కంటే పెద్ద ఫ్లెక్సీ తమది పెడితే విరాళం ఇస్తామన్నవాళ్లకు కూడా ఒక దండం, దూరం నుంచి.

ఖర్చుల లెక్క బడి గేటు లోపలి నోటీసు బోర్డు మీద అంటించాం, రసీదులతో సహా. సార్ తీగ పీఈటీ గదిలో మేకుకు వేలాడుతోంది. ఏ ఊరివాళ్లకు కావాలన్నా సంతకం పెట్టి తీసుకపోవచ్చు, కానీ మడతపెట్టొద్దు, చుట్టగానే తేవాలి. మైదానంలో మిగిలిపోయినవి: ఒక నీలం స్వెటర్, ఎడమకాలి షిన్ గార్డు ఒకటి, మూత లేని స్టీలు టిఫిన్ రెండు గిన్నెలది. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి.