సెలక్షన్ కమిటీ చైర్మన్ గారికి: తీసేసిన ఆటగాడికి కారణం చెప్పండి

చైర్మన్ గారికి నమస్కారం.

భారత క్రికెట్ జట్టుకు పదిహేను మందిని ఎంచుకుంటే మంచి ఆటగాళ్లు కూడా కొందరు మిగిలిపోతారు. అది మాకు అర్థమవుతుంది. ఎందుకు మిగిలిపోయారో ఆటగాడికీ చెప్పరు, మాకూ చెప్పరు. మా బాధంతా అదే.

కరుణ్ నాయర్ సంగతే చూడండి. 2016 డిసెంబరులో చెన్నైలో ఇంగ్లండ్ మీద 303 నాటౌట్. సెహ్వాగ్ తర్వాత టెస్టుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టిన భారతీయుడు అతనొక్కడే. ఆ వెంటనే మన ఉప్పల్‌లో బంగ్లాదేశ్‌తో టెస్టు జరిగితే తుది జట్టులో అతను లేడు. గాయం నుంచి కోలుకున్న రహానే తిరిగొచ్చాడు, సరే. కానీ 2018 ఇంగ్లండ్ టూర్? మొదటి టెస్టు నుంచి నాయర్ జట్టుతోనే ఉన్నాడు. ఆఖరి టెస్టుకి చోటు ఖాళీ అయితే, సిరీస్ మధ్యలో వచ్చి చేరిన హనుమ విహారిని ఆడించారు. విహారి మన కాకినాడ కుర్రాడు. ఓవల్‌లో తొలి ఇన్నింగ్స్‌లోనే 56 కొట్టాడు, మేం పొంగిపోయాం. అయినా చెబుతున్నా, ఆ రోజు నాయర్‌కి జరిగింది అన్యాయమే. 2017 మార్చిలో ఆగిపోయిన అతని టెస్టు కెరీర్ మళ్లీ మొదలైంది 2025 జూన్‌లో, లీడ్స్‌లో.

తర్వాత విహారికీ అదే గతి పట్టింది. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసి సరిగ్గా పరిగెత్తలేని స్థితిలో 161 బంతులు ఆడి, అశ్విన్‌తో కలిసి టెస్టు కాపాడాడు. ఆ ఏడాది చివర న్యూజిలాండ్ ఇక్కడికొస్తే జట్టులో పేరు లేదు. 2022 జులై తర్వాత మరో టెస్టు ఆడలేదు. 2023లో ఇందౌర్‌లో రంజీ క్వార్టర్ ఫైనల్లో మణికట్టు విరిగితే, కుడిచేతి బ్యాటర్ ఎడమవైపు తిరిగి ఒంటిచేత్తో బ్యాటింగ్ చేశాడు. ఆ ఆట చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు.

అంబటి రాయుడి విషయంలో మాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 2019 ఫిబ్రవరి, వెల్లింగ్టన్: 18 పరుగులకే నాలుగు వికెట్లు పోతే, విజయ్ శంకర్‌ను తోడు పెట్టుకుని 90 కొట్టాడు, మ్యాచ్ గెలిచాం. తర్వాత ఆస్ట్రేలియాపై మూడు మ్యాచ్‌ల్లో విఫలమయ్యాడు, నిజమే. ఏప్రిల్‌లో వరల్డ్ కప్ జట్టులో చోటు శంకర్‌కి ఇచ్చి, రాయుణ్ణి స్టాండ్‌బైగా ఉంచారు. శంకర్ గాయపడ్డాక అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పంపారు. టీమ్ మేనేజ్‌మెంట్ ఓపెనర్‌ను అడిగిందని అప్పటి చైర్మన్ వివరించేసరికి రాయుడు రిటైర్మెంట్ ప్రకటించేశాడు, వరల్డ్ కప్ కూడా అయిపోయింది. ఆ ఒక్క మాట ముందే అతనికి ఫోన్ చేసి చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?

జాతీయ జట్టుకు ఆడనప్పుడు దేశవాళీ క్రికెట్‌కే ప్రాధాన్యం ఇవ్వాలని 2024లో కాంట్రాక్టులు ప్రకటిస్తూ బోర్డే చెప్పింది. మంచి మాట. అలాంటప్పుడు విజయనగరంలో ఖాళీ స్టాండ్ల ముందు నాలుగు రోజులు ఎండలో నిలబడి కొట్టిన సెంచరీకి విలువెంతో కూడా చెప్పాలి కదా. ఐపీఎల్ పరుగులతో టెస్టు జట్టు తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా చెప్పాలి. రంజీ ఆడే ప్రతి కుర్రాడి టెన్షన్ ఇదే.

మీ కమిటీలో ఉన్నవాళ్లంతా భారత జట్టుకు ఆడినవాళ్లే. జట్టులోంచి తీసేస్తే ఎలా ఉంటుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే అడుగుతున్నాం. జట్టు జాబితా మీడియాకు వెళ్లకముందే, చోటు పోయిన ప్రతి ఆటగాడికీ మీలో ఒకరు స్వయంగా ఫోన్ చేయండి. ఫామ్, ఫిట్‌నెస్, జట్టు కూర్పు, ఏ కారణమైనా సరే, మళ్లీ రావాలంటే ఏం చేయాలో స్పష్టంగా చెప్పండి. జాబితాతో పాటే ప్రతి మార్పుకూ రెండు వాక్యాల కారణం రాసి విడుదల చేయండి. వచ్చే జట్టు ప్రకటనతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక తెలుగు క్రికెట్ అభిమాని