లోపు, దాకా

పర్లాకిమిడి

తల్లీ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. "ఐ యామ్ హియరింగ్ మేడమ్" అన్నావని భువనేశ్వర్‌లో క్లాసంతా నవ్విందన్నావు. ఇంగ్లీషు నీకు రాదని మాత్రం అనుకోకు. హియర్‌కీ లిజన్‌కీ ఉన్న తేడా నీకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

మీ అమ్మ వంటింట్లోంచి "వినపడుతోందా?" అని అరుస్తుంది. దగ్గర కూర్చోబెట్టుకుని "నేను చెప్పేది విను" అంటుంది. మొదటిది హియర్, రెండోది లిజన్. చెవిన పడటం వేరు, చెవి పెట్టడం వేరు. అలాగే కనపడితే సీ, చూస్తే లుక్. రథయాత్రలో అరుగు మీద నిలబడి రథం సాగినంతసేపూ చూస్తామే, అది వాచ్.

బై, అన్‌టిల్ దగ్గర నేనూ దెబ్బతిన్నాను. టైపు షాపు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన అప్లికేషన్‌లో, కాగితాలు పదో తేదీలోపు ఇస్తామనాల్సిన చోట 'అన్‌టిల్' కొట్టాను. ఆఫీసులో గుమస్తా ఆ మాట మీద వేలు పెట్టి "పదో తేదీదాకా రోజూ ఇస్తూనే ఉంటారా?" అని తిప్పి పంపాడట. పాపం, ఆయన గుణుపురం నుంచి మళ్ళీ బస్సెక్కి వచ్చాడు. చెమటకి మెత్తబడ్డ ఆ కాగితం నాకింకా గుర్తే. అప్పటి నుంచి ముందు తెలుగులో అనుకుంటాను: 'లోపు' అయితే బై, 'దాకా' అయితే అన్‌టిల్.

సిన్స్, ఫర్ దగ్గర మాత్రం తెలుగు ఆదుకోదు. "సోమవారం నుంచి జ్వరం", "మూడు రోజుల నుంచి జ్వరం", రెండింటికీ మనకి 'నుంచి' ఒకటే. అందుకే "సిన్స్ త్రీ డేస్" అని నోరు జారుతుంది. మొదలైన రోజు చెబితే సిన్స్, ఎన్నాళ్ళో చెబితే ఫర్. నీ ఒడియా స్నేహితురాళ్ళకి నిన్నా 'కాలి'యే, రేపూ 'కాలి'యే. వాళ్ళ తిప్పలు వాళ్ళకుంటాయి.

మన ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు సవర భాషని సవరల నోటే విని నేర్చుకున్నారు. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. నువ్వూ విడి మాటలు బట్టీ పట్టకు. విన్న వాక్యం మొత్తం రాసుకుని, పక్కనే మన ఇంట్లో అనే మాట రాయి.

సోమవారం మేడమ్ వింటున్నావా అని అడిగితే "ఐ యామ్ లిజనింగ్" అని గట్టిగా చెప్పు. ఫోన్‌లో నా మాట అందకపోతే అప్పుడు "ఐ కాంట్ హియర్ యూ" అను.

మీ నాన్న