హాట్‌ప్లగ్ మొరాయిస్తే ముందు మెమరీ మ్యాప్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

వర్చువల్ మెషీన్ల (అసలు కంప్యూటర్లో సాఫ్ట్‌వేర్‌తో నడిపే కంప్యూటర్ల) మీద వచ్చే వ్యాసాల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది. మెషీన్ నడుస్తుండగానే డిస్కు, నెట్‌వర్క్ కార్డు, మెమరీ ఏదైనా తగిలించుకోవచ్చు, వద్దనుకుంటే తీసేయవచ్చు (దీన్నే హాట్‌ప్లగ్ అంటారు) అని. ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. నడుస్తుండగా దేన్ని తగిలించగలమన్నది మెషీన్ ఆన్ చేసేనాటికే చాలావరకు తేలిపోయి ఉంటుంది. ఏ అడ్రసు ఏ పరికరానికన్నది అప్పుడే పంచేస్తారు, ఆ పంపకం పటమే మెమరీ మ్యాప్. ఇది తెలియక చాలామంది డ్రైవర్లు మార్చుకుంటూ, గెస్ట్‌ను (వర్చువల్ మెషీన్ లోపలి సిస్టమ్‌ను) మళ్లీ మళ్లీ రీబూట్ చేసుకుంటూ రోజులు పోగొట్టుకుంటున్నారు. కేవీఎం (లినక్స్ కర్నెల్‌లోని వర్చువలైజేషన్ భాగం) మీద క్యూఎమ్యు (మెషీన్‌ను, దాని పరికరాలను అనుకరించే ప్రోగ్రాం), లోపల లినక్స్ గెస్ట్ ఉన్న సందర్భాన్ని తీసుకుని, ఎక్కడ చూడాలో రాస్తున్నాను.

ముందు స్లాట్ల సంగతి. మెషీన్ రకం క్యూ35 (పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఉన్న పీసీ నమూనా) అయితే ‘పీసీఐఈ.0’ అనే మూల బస్ మీదికి నేరుగా హాట్‌ప్లగ్ కుదరదు. ఆ బస్ హాట్‌ప్లగ్‌ను సపోర్ట్ చేయదని క్యూఎమ్యు మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. తగిలించేది రూట్ పోర్ట్‌కే (ఆ బస్ మీద సాకెట్ లాంటిది), ఒక్కో పోర్ట్‌కు ఒక్క పరికరమే. మెషీన్ నడుస్తుండగా కొత్త రూట్ పోర్ట్ చేర్చలేం కాబట్టి, ముందుగానే నాలుగో ఎనిమిదో ఖాళీగా పెట్టుకోవాలి. మరీ ఎక్కువ పెట్టినా చిక్కే. ఒక్కో పోర్ట్‌కు ఐవో అడ్రసుల్లో (పాత పద్ధతిలో పరికరాలతో మాట్లాడే వేరే అడ్రసుల్లో) కనీసం 4 కేబీ కిటికీ, అంటే కేటాయించిన ముక్క, కావాలి, అక్కడ ఉన్నదంతా కలిపి 64 కేబీయే. పదహారు కూడా నిండకముందే అది అయిపోతుంది. కొత్త తరం విర్టియో (వర్చువల్ మెషీన్ల కోసమే రూపొందించిన) పరికరాలకు ఐవో అడ్రసులతో పనే లేదు. అందుకని పోర్ట్ నిర్వచనంలో ఐవో-రిజర్వ్‌ను 0గా పెడితే ఆ తంటా తీరుతుంది.

పోర్ట్ ఖాళీగా ఉన్నా పరికరం పనిచేయని కేసులే ఎక్కువ కష్టపెడతాయి. గెస్ట్‌లో పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌పీసీఐలో కార్డు కనిపిస్తుంది, డ్రైవర్ మాత్రం పట్టుకోదు. కర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ తెరిస్తే ‘బార్ 0, నో స్పేస్’ అనే వరుస ఉంటుంది. బార్ అంటే పరికరం తనకు కావాలని అడిగే అడ్రసుల ముక్క. కారణం ఇది. బూట్ సమయంలో ఫర్మ్‌వేర్ (ఓఎస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రాం) ప్రతి ఖాళీ పోర్ట్‌కు అడ్రసుల్లో ఒక కిటికీ కేటాయిస్తుంది. ఏమీ చెప్పకపోతే అది చాలా చిన్నది. విర్టియో నెట్‌వర్క్ కార్డు బార్‌లు కొన్ని కేబీలే కాబట్టి ఇట్టే పట్టేస్తాయి. 16 జీబీ బార్ ఉన్న గ్రాఫిక్స్ కార్డు ఎలా పడుతుంది? దానికి రూట్ పోర్ట్ మీద పీఆర్ఈఎఫ్64-రిజర్వ్ విలువ (64-బిట్ ప్రీఫెచబుల్ బార్‌ల కోసం ఉంచే చోటు) ముందే ఇవ్వాలి. ఇక్కడ 16 జీబీ బార్ ఉందని సరిగ్గా 16 జీబీయే ఇవ్వడం మామూలుగా జరిగే పొరపాటు. పీసీఐలో బార్ తన పరిమాణానికి గుణిజమైన అడ్రసులోనే కూర్చుంటుంది. అదే కార్డుకు 32 ఎంబీ ప్రీఫెచబుల్ (ముందుగానే చదివినా ఇబ్బంది లేని) బార్ ఇంకొకటి ఉంటే, మొత్తం 16 జీబీ దాటిపోయి రెండోదానికి చోటుండదు. 32 జీబీ ఇవ్వండి.

అంత ఇవ్వాలంటే ఫర్మ్‌వేర్ దగ్గర 64-బిట్ అడ్రసుల్లో అంత జాగా ఉండాలి కదా. పాత ఓవీఎంఎఫ్ (వర్చువల్ మెషీన్లకు వాడే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్) మొత్తం అన్ని పరికరాలకూ కలిపి 32 జీబీయే ఉంచుకునేది. దాన్ని పెంచడానికి ఎఫ్‌డబ్ల్యూ-సీఎఫ్‌జీ (క్యూఎమ్యు నుంచి ఫర్మ్‌వేర్‌కు విలువలు పంపే దారి) ద్వారా ‘ఎక్స్-పీసీఐఎంఎంఐవో64ఎంబీ’ అనే విలువ పంపాలి. పేరులో ఉన్నట్టే అది ఎంబీల్లో ఉంటుంది, 64 జీబీకి 65536.

ఇప్పుడు అసలు పటం. మెమరీని ‘4 జీబీ, స్లాట్లు 4, మ్యాక్స్‌మెమ్ 32 జీబీ’ (మ్యాక్స్‌మెమ్ అంటే పెంచుకోగల గరిష్ఠ మెమరీ) అని ఇచ్చిన క్యూ35 మెషీన్‌ను తీసుకోండి. 4 జీబీలో 2 జీబీ కింది భాగంలో ఉంటుంది. మిగతా 2 జీబీ అడ్రసుల్లో 4 జీబీ గీత దాటాక, 4 నుంచి 6 జీబీ వరకు కూర్చుంటుంది. మధ్యలో ఖాళీ వదిలేది 32-బిట్ పరికరాల కోసం. హాట్‌ప్లగ్ మెమరీ ప్రాంతం 6 జీబీ దగ్గర మొదలవుతుంది. దాని పరిమాణం 32లోంచి 4 తీసేస్తే 28 జీబీ, దానికి అలైన్‌మెంట్ కోసం స్లాట్‌కు 1 జీబీ చొప్పున మరో 4 కలిపి 32 జీబీ. అంటే 38 జీబీ దాకా అది ఆక్రమించేస్తుంది, ఒక్క డిమ్మ్ (తగిలించే మెమరీ ముక్క) కూడా పెట్టకపోయినా సరే. పెద్ద బార్‌ల కోసం ఉండే 64-బిట్ పీసీఐ ప్రాంతం ఆ తర్వాతే వస్తుంది. క్యూఎమ్యు మానిటర్‌లో ‘ఇన్ఫో ఎమ్‌ట్రీ’ (info mtree) కొడితే ఈ అమరికంతా అంకెలతో సహా వరుసగా కనిపిస్తుంది. అది చూడకుండా మెమరీ మ్యాప్ గురించి వాదించడం దండగ.

ఎందుకైనా మంచిదని మ్యాక్స్‌మెమ్‌ను 1 టీబీ అని రాసేవాళ్లున్నారు. వర్చువల్ సీపీయూకు భౌతిక అడ్రసు వెడల్పు 40 బిట్‌లే ఉంటే మొత్తం అడ్రసులే 1 టీబీ. ఇక పీసీఐకి మిగిలేదేమిటి? కొత్త క్యూఎమ్యు ‘ఫిజ్-బిట్స్ చాలవు’ అని మొదట్లోనే ఆగిపోతుంది, అదృష్టం. పాతవాటిలో మెషీన్ బూట్ అయి తర్వాత ఎక్కడో తేడా చేస్తుంది. సీపీయూకు హోస్ట్-ఫిజ్-బిట్స్ (హోస్ట్, అంటే అసలు కంప్యూటర్, అడ్రసు వెడల్పునే గెస్ట్‌కు ఇచ్చే ఆప్షన్) ఆన్ చేయడం, మ్యాక్స్‌మెమ్‌ను నిజంగా వాడబోయేంతకే తగ్గించడం, రెండూ చేయాలి.

మెమరీ తగిలించాక గెస్ట్‌లో ‘ఫ్రీ’ కమాండ్ పాత అంకే చూపిస్తోందంటే హైపర్‌వైజర్‌ను (ఇక్కడ క్యూఎమ్యు, కేవీఎం) నిందించే ముందు మెమరీ బ్లాకుల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌మెమ్ చూడండి. బ్లాకులు వచ్చి ఆఫ్‌లైన్‌లో పడి ఉండవచ్చు. కర్నెల్ సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆటో-ఆన్‌లైన్-బ్లాక్స్ ఫైలు ఆఫ్‌లైన్ అని ఉంటే వాటంతట అవి ఆన్‌లైన్ కావు. పక్కనే బ్లాక్ సైజు చెప్పే ఫైలుంది. అందులో 8000000 అని కనిపిస్తే ఎనభై లక్షల బైట్లనుకోకండి, ఆ అంకె హెక్స్‌లో ఉంది. అసలు విలువ 128 ఎంబీ. డిమ్మ్ పరిమాణం దీనికి గుణిజం కాకపోతే కర్నెల్ ‘బ్లాక్ సైజ్ అన్‌అలైన్డ్’ అని తిప్పికొడుతుంది. ఎక్కువ మెమరీ ఉన్న గెస్ట్‌లలో బ్లాక్ 2 జీబీ వరకు కూడా ఉండవచ్చు కనుక ఈ ఫైలు చూశాకే డిమ్మ్ సైజు నిర్ణయించాలి.

1 జీబీతో బూట్ చేసిన గెస్ట్‌కు ఒకేసారి 64 జీబీ తగిలించడం మరో తప్పు. ప్రతి 4 కేబీ పేజీకి కర్నెల్ 64 బైట్ల లెక్క రాసుకుంటుంది. 64 జీబీకి ఆ లెక్కే 1 జీబీ అవుతుంది, మామూలుగా అది పాత మెమరీలోంచే రావాలి. ఉన్నదంతా దానికే చాలదు. విడతలవారీగా చిన్న డిమ్మ్‌లు తగిలించి, ప్రతిదాన్నీ ఆన్‌లైన్ చేశాక తర్వాతిదానికి వెళ్లండి. లేదా కర్నెల్‌కు మెమ్‌మ్యాప్-ఆన్-మెమరీ ఆప్షన్ ఇస్తే ఆ లెక్కను కొత్త మెమరీలోనే రాసుకుంటుంది. తర్వాత తీసేయాలన్న ఉద్దేశం ఉంటే ‘ఆన్‌లైన్-మూవబుల్’గా పెట్టాలి. మామూలు జోన్‌లో చేరిన బ్లాకులో కర్నెల్ తన సొంత డేటా పెట్టుకుందంటే దాన్ని కదిలించలేం. అలాగని అంతా మూవబుల్ చేస్తే, మెమరీ ఖాళీగా కనిపిస్తూనే కర్నెల్‌కు చోటు దొరక్క ప్రాసెస్‌లు చచ్చిపోతాయి. మూడు పాళ్లు మూవబుల్‌కు ఒక పాలు మామూలు మెమరీ ఉంటే సాధారణంగా ఇబ్బంది రాదు. పెంచడం, తగ్గించడం రెండూ తరచూ చేసేవాళ్లకు డిమ్మ్‌ల కన్నా విర్టియో-మెమ్ (మెమరీని చిన్న ముక్కల్లో పెంచి తగ్గించే విర్టియో పరికరం) నయమని నా అభిప్రాయం. లినక్స్ 5.8, క్యూఎమ్యు 5.1 నుంచి, అంటే 2020 నుంచి అది ఉంది.

స్లాట్లున్నా డిమ్మ్ ఎక్కకపోతే వీహోస్ట్‌ను (విర్టియో పనిని క్యూఎమ్యు బయట చేసే భాగాన్ని) అనుమానించండి. ‘వాడుకలో ఉన్న వీహోస్ట్ బ్యాకెండ్‌లో మెమరీ స్లాట్లు మిగల్లేదు’ అనే అర్థం వచ్చే ఎర్రర్ దాని గుర్తు. కర్నెల్ వీహోస్ట్ మాడ్యూల్‌లో మెమరీ రీజియన్ల పరిమితి డిఫాల్ట్‌గా 64. మాడ్యూల్ ఎక్కించేటప్పుడే మ్యాక్స్-మెమ్-రీజియన్స్ పెంచాలి, నడుస్తుండగా కుదరదు. వీహోస్ట్-యూజర్ (కర్నెల్‌లో కాక వేరే ప్రోగ్రాంలో నడిచే రకం) పాత బ్యాకెండ్లలో అది 8 మాత్రమే, అందులోనూ కొన్ని మూల మెమరీకే పోతాయి.

వీఎఫ్ఐవో ద్వారా అసలు కార్డునే గెస్ట్‌కు ఇచ్చి ఉంటే మరింత జాగ్రత్త కావాలి. గెస్ట్ మెమరీ మొత్తం హోస్ట్‌లో పిన్ అయి (కదలకుండా లాక్ అయి) ఉంటుంది, కొత్త డిమ్మ్ కూడా తగిలించిన వెంటనే పిన్ కావాలి. లాక్ చేసుకోగల మెమరీ పరిమితి (మెమ్‌లాక్) చాలకపోతే వీఎఫ్ఐవో మ్యాప్ డీఎంఏ (కార్డు నేరుగా మెమరీని వాడుకునేలా చేసే అమరిక) విఫలమై ‘కెనాట్ అలొకేట్ మెమరీ’ వస్తుంది. క్యూఎమ్యు చాలా వెర్షన్లలో ఈ దశలో ఒక్క డిమ్మ్‌తో సరిపెట్టదు, నడుస్తున్న మెషీన్ మొత్తం కూలిపోతుంది. లిబ్‌వర్ట్ (క్యూఎమ్యును నడిపించే నిర్వహణ సాధనం) ఈ పరిమితిని తానే సర్దుతుంది. చేత్తో క్యూఎమ్యు నడిపేవాళ్లు మెమ్‌లాక్ పరిమితిని మ్యాక్స్‌మెమ్ కన్నా ఎక్కువగా ముందే పెట్టుకోవాలి. ఎర్రర్ వచ్చినప్పుడు హోస్ట్ డీమెసేజ్‌లో మెమ్‌లాక్ పరిమితి దాటిందన్న వరుస ఉంటే ఇదే కారణం.

తీసేయడం గురించి రాసేవాళ్లు బహు తక్కువ. డివైస్-డెల్ కమాండ్ ఎర్రర్ లేకుండా తిరిగి వచ్చిందంటే పరికరం పోయిందని కాదు, తీసేయమన్న విన్నపం గెస్ట్‌కు చేరవేశారని మాత్రమే. గెస్ట్ ఒప్పుకుని వదిలాక ‘డివైస్-డిలీటెడ్’ ఈవెంట్ వస్తుంది. పీసీఐఈ సొంత హాట్‌ప్లగ్ పద్ధతిలో గెస్ట్ 5 సెకన్లు ఆగాకే కదులుతుంది, మనసు మార్చుకోవడానికి ఇచ్చే గడువు అది. క్యూఎమ్యు 6.1 నుంచి క్యూ35లో ఏసీపీఐ (ఫర్మ్‌వేర్ పట్టికల ద్వారా గెస్ట్‌కు కబురు పంపే) పద్ధతే డిఫాల్ట్ కాబట్టి మీ మెషీన్ ఏ దారిలో ఉందో ముందు తేల్చుకోండి. గెస్ట్ ఇంకా బూట్ అవుతుండగా విన్నపం పంపితే వినేవాళ్లే ఉండరు. స్క్రిప్టుల్లో ఈవెంట్ కోసం ఆగకుండా వెంటనే బ్లాక్‌డెవ్-డెల్ (డిస్కు వెనకున్న ఫైలును వదిలించే కమాండ్) చేస్తే ‘నోడ్ వాడుకలో ఉంది’ అనీ, అదే ఐడీతో మళ్లీ తగిలిస్తే ‘డూప్లికేట్ ఐడీ’ అనీ వస్తుంది.

హాట్‌ప్లగ్ చేసిన మెషీన్‌ను మైగ్రేట్ చేసేటప్పుడు (వేరే హోస్ట్‌కు మార్చేటప్పుడు) గమ్యంలోని కమాండ్ లైనులో ఆ పరికరాలూ, డిమ్మ్‌లూ అవే అడ్రసుల్లో ఉండాలి. లిబ్‌వర్ట్‌లో ‘లైవ్’తో పాటు ‘కాన్ఫిగ్’ కూడా ఇవ్వకపోతే షట్‌డౌన్‌తో మార్పులన్నీ పోతాయి.

మీ సాంకేతిక పేజీకి రాసేవారికి ఒక మనవి. తగిలించే కమాండ్ ఒక్కటే అచ్చువేయకుండా, దానికి ముందు మెషీన్‌ను ఎలా బూట్ చేయాలో ఆ లైను కూడా వేయండి. సహాయం అడిగే పాఠకులు ‘పనిచేయడం లేదు’ అని రాసి ఊరుకోకుండా పూర్తి కమాండ్ లైను లేదా లిబ్‌వర్ట్ ఎక్స్‌ఎంఎల్, ఇన్ఫో ఎమ్‌ట్రీ, హోస్ట్, గెస్ట్ రెండింటి డీమెసేజ్, గెస్ట్‌లోని ప్రోక్ ఐవోమెమ్ (అడ్రసుల పంపకం చూపే ఫైలు) పంపాలి. ఈ చివరిది రూట్‌గా తీసుకోవాలి, మామూలు యూజర్‌కు అడ్రసులన్నీ సున్నాలుగానే కనిపిస్తాయి.

ఇట్లు,
ఒక సిస్టమ్స్ ఇంజనీరు