ఆదివారం ప్రకృతి చిత్రలేఖనం: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఆదివారం ఉదయం 6:30 గంటలకు, ఎండ ఎక్కకముందే, ప్రకాశం బ్యారేజీకి విజయవాడ వైపున అందరం కలుసుకుందాం.

ఈసారి అంశం రావి ఆకు. దానిని చూడకుండా గీసేవారు గుండె ఆకారం వేసి ఊరుకుంటారు. చేతిలోకి తీసుకుని పరిశీలిస్తే మాత్రం కొస తోకలా సాగి ఉండడం, పక్క ఈనెలు అంచును చేరకముందే వంగి ఒకదానితో ఒకటి కలవడం, పొడవైన సన్నని కాడ వల్ల ఆకు చిరుగాలికే అల్లాడడం కనిపిస్తాయి. అందువల్ల మొదటి పది నిమిషాలు ఎవరూ పెన్సిల్ ముట్టవద్దు. ఫోటో తీసి దాన్ని చూసి గీయడం అసలే వద్దు.

స్కెచ్ పుస్తకం, 2బి, 4బి పెన్సిళ్లు, రబ్బరు, మంచినీళ్లు తెచ్చుకోగలరు. రాలిన ఆకులనే తీసుకోవాలి, కొమ్మలు తుంచవద్దు.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే తెలియజేయగలరు.