అమ్మ సమాధి ఎక్కడుందో చెప్పండి సార్

నగరంలో శ్మశానాల బాధ్యత చూసే అధికారి గారికి,

నమస్కారం. ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ తమిళంలో రాసిచ్చాను, రసీదులు నా దగ్గరే ఉన్నాయి. జవాబు లేదు. ఫోన్‌కి మాత్రం మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారు సార్?

2019లో మా అమ్మను ఇక్కడే, చెన్నైలో, మీ శ్మశానంలోనే పూడ్చిపెట్టాం. సమాధి కట్టకూడదన్నారు, కట్టలేదు. తలవైపు పేరు చెక్కించిన కడప రాయి ఒక్కటి నిలబెట్టుకున్నాం. మొన్న సంక్రాంతికి వెళ్తే రాయి లేదు. ఆ చోట కొత్త మట్టి, ఇంకా వాడిపోని బంతిపూల దండ. ఆ ఇంటివాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకీ ఎవరో పోయారు. రిజిస్టర్ చూడమంటే పాతది దొరకడం లేదన్నారు. రాయి ఏమైందంటే తెలీదన్నారు.

మాది నెల్లూరు వైపు. అక్కడ బోడిగాడితోట శ్మశానంలో సంక్రాంతికి జనం పెద్దల సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టుకుంటారు. మా తాతలు మద్రాసు వచ్చినా ఆ అలవాటు మానలేదు. రాయికి పసుపు రాసి, వంకాయ కూర, అన్నం పెట్టి, కొత్త చీర అమ్మ ముందుంచి, తర్వాత నేను కట్టుకునేదాన్ని. ఈసారి చీర మడత విప్పకుండానే తిరిగొచ్చాను.

చిన్నప్పుడు అమ్మ నన్ను మెరీనాకి తీసుకెళ్లి, ఎంజీఆర్ సమాధికి చెవి ఆనించి, ఆయనతో పాటే పూడ్చారని చెప్పుకునే చేతి గడియారం చప్పుడు వినాలని చూసేవాళ్లని చూపించింది. నేనూ విన్నాను. ఆయన 1987లో పోయారు, ఇవాళ్టికీ చెవి ఆనించడానికి అక్కడ రాయి ఉంది. మాకు అంత పెద్దది వద్దు సార్, మూరెడు రాయి చాలు.

2020 ఏప్రిల్‌లో కరోనాతో పోయిన డాక్టరు గారి ఖననాన్ని ఇదే ఊళ్లో జనం అడ్డుకున్నప్పుడు, మద్రాసు హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. గౌరవంగా ఖననం కావడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కేనంది. ఆ గౌరవం మట్టి కప్పిన రోజుతోనే అయిపోతుందా?

స్థలం చాలదని నాకూ తెలుసు. ఒకరి మీద ఒకరిని పెట్టక తప్పదంటే పెట్టండి. తవ్వేముందు ఒక్క ఫోన్ చేయండి. నంబరు రాయి వేయండి. రిజిస్టర్ వెతికించండి, దయచేసి వెతికించండి.

నాన్నకి 78 ఏళ్లు. కాళ్లు నొప్పులని ఈసారి రాలేదు. వచ్చే సంక్రాంతికి ఆటోలో తీసుకెళ్లమని ఇప్పటినుంచే అడుగుతున్నారు. రాయి సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. తీసుకెళ్లి ఎక్కడ నిలబెట్టమంటారు సార్?

ఇట్లు,
ఉత్తర చెన్నై నుంచి ఒక కూతురు