పుండు ఉంది సరే, సాలీడు ఏది?

సంపాదకులకు నమస్కారం.

విషపు గోధుమరంగు సాలీడు గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అది కరిచినచోట కండ కుళ్లిపోతుందని, ప్రాణం మీదకు కూడా రావచ్చని రాశారు. రెండూ అబద్ధాలు కావు గాని, అరుదుగా జరిగేదాన్ని అందరికీ జరిగేదన్నట్టు చెప్పడం వల్ల ఒంటిమీద నల్లటి మచ్చ కనబడిన ప్రతివారూ బెంబేలెత్తే ప్రమాదం ఉంది. చాలా ఏళ్లుగా చర్మవైద్యంలో ఉన్నవాణ్ని కనుక నాకు తెలిసినది రాస్తున్నాను.

లోక్సోసెలిస్ అనే ఈ ప్రజాతి సాలీళ్లు అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాల్లోనూ, చిలీ, పెరూ, బ్రెజిల్ వంటి దేశాల్లోనూ ఇళ్లలోనే కాపురం ఉంటాయి. వీపుమీది వాయులీనం ఆకారపు మచ్చతో వీటిని గుర్తుపట్టవచ్చంటారు గాని, ఆ మచ్చను నమ్ముకోవడం కంటే కళ్లు లెక్కపెట్టడం మేలు. సాలీళ్లలో చాలావాటికి ఎనిమిది కళ్లుంటే వీటికి మూడు జతలుగా ఆరే ఉంటాయి (భూతద్దం చేతిలో ఉంటేనే అనుకోండి). వెంటపడి కరిచే స్వభావం వీటికి లేదు. బట్టలలోనో దుప్పటి మడతలోనో మన ఒంటికింద నలిగినప్పుడే కాటేస్తాయి. కాన్సాస్ రాష్ట్రంలో ఒకే ఇంట్లో ఆరు నెలల్లో 2,055 సాలీళ్లు దొరికినా, ఆ కుటుంబంలో ఎవరికీ కాటు పడిన దాఖలా లేదని 2002లో ప్రచురితమైన ఒక పరిశీలన చెబుతోంది.

కాటు పడిన క్షణంలో చాలామందికి తెలియనే తెలియదు. కొన్ని గంటల తరువాత నొప్పి, మంట మొదలై, మధ్యలో నీలం, దాని చుట్టూ పాలిపోయిన తెలుపు, ఆ వెలుపల ఎరుపు కనిపిస్తాయి. విషంలోని స్ఫింగోమైలినేజ్-డి అనే ఎంజైమ్ కణాల పొరలను దెబ్బతీయగా సన్నని రక్తనాళాలు పూడుకుపోతాయి, ఆపైన రక్షణకు వచ్చిన మన తెల్లరక్తకణాలే ఆ నష్టాన్ని మరింత పెంచుతాయి. కొందరిలో కొద్దిరోజులకు మధ్యభాగం నల్లబడి గట్టి పెచ్చు కట్టి, అది ఊడాక మిగిలిన పుండు మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎక్కువమందిలో మాత్రం వ్యవహారం అంతదూరం పోకుండానే తగ్గిపోతుంది.

అసలు చిక్కు రోగనిర్ధారణలో ఉంది. ఒకసారి తొడమీద వాపుతో వచ్చిన యువకుడు "సాలీడు కరిచిందండీ" అంటే, దాన్ని చూశారా అని కూడా అడగకుండా కేసుషీటులో అదే మాట రాశాను. మూడోరోజుకు వాపు ఉబ్బి చీము కారింది. పరీక్షలో తేలింది స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా. ఈ సాలీడు కాటు మధ్యభాగం సాధారణంగా ఉబ్బదు, పల్లంగా ఉంటుంది; చీము పట్టదు; ఒంటినిండా పది చోట్ల రాదు. 2001లో న్యూయార్క్‌లో ఏడు నెలల పసిబిడ్డ చేతిమీది పుండును మొదట ఈ సాలీడు కాటుగానే భావించారు. తరువాత అది ఆంత్రాక్స్ అనే బ్యాక్టీరియా వ్యాధి అని తేలింది.

నిజంగానే కాటు పడితే చేయవలసినది మీ వ్యాసం చదివినవారు ఊహించుకునేంత పెద్దదేమీ కాదు. సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన మంచుతో చల్లబరచి, కాలో చెయ్యో అయితే ఎత్తులో ఉంచి కదలకుండా చూడాలి. వేడి కాపడం పెట్టకూడదు. పురుగు నలిగిపోయినా సరే సీసాలో వేసి వైద్యుడికి చూపించాలి. నొప్పికి మందు, అవసరమైతే ధనుర్వాతం టీకా ఇస్తారు. ఇన్ఫెక్షన్ సోకితే తప్ప యాంటీబయాటిక్ అక్కర్లేదు. చచ్చిన కండను వెంటనే కోసి తీసేయాలన్న ఆత్రం రోగికి చేటు, ఎందుకంటే ఎంతవరకు పాడైందో తేలకముందే కోస్తే గాయం పెద్దదై మానడం ఇంకా ఆలస్యమవుతుంది. కుష్ఠువ్యాధికి వాడే డాప్సోన్‌ను కొందరు ఇస్తారు గాని, అది మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎర్రరక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైమ్ లోపించినవారిలో ఆ మందే ఆ కణాలను చితకగొడుతుంది. బ్రెజిల్ వంటి దేశాల్లో విషవిరుగుడు ఇంజెక్షన్ ఉంది. ఎంత తొందరగా ఇస్తే అంత ఉపయోగం.

ఇంతకీ మీ వ్యాసంలో ఒక్కమాటైనా లేనిది మూత్రం రంగు. విషం ఒళ్లంతా పాకడం అరుదే అయినా, పాకినప్పుడు ఎర్రరక్తకణాలు చితికి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ముప్పు పిల్లల్లో ఎక్కువ. పైన పుండు చిన్నదిగానే ఉన్నా ఇది జరగవచ్చు. కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు పుండును చూసినంత శ్రద్ధగా మూత్రాన్నీ చూడాలి. అది కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగినా, జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లలో పచ్చదనం కనబడినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి చేర్చాలి. రక్తపరీక్షలు, సెలైన్, అవసరమైతే రక్తం ఎక్కించడం, డయాలిసిస్ అక్కడే సాధ్యం.

చివరగా ఒక మనవి. వ్యాసంతో పాటు వేసిన ఫోటోలోని పుండు దగ్గర సాలీడు దొరికిందో లేదో మీరు రాయలేదు. వివరం మీ వద్ద ఉంటే వచ్చే వారం అదే పేజీలో ప్రచురించగలరు.

భవదీయుడు,
ఒక చర్మవైద్యుడు