2025 వార్షిక నివేదిక: ఆరోగ్య బీమా కోసం శాసనసభ్యుడికి మన విజ్ఞప్తి

సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

మన కొబ్బరి దింపు, ఒలుపు కార్మికుల సంక్షేమ సంఘం ఏటా చేసే పనులు ఈసారీ ఆగలేదు. వేసవిలో కంటి పరీక్షల శిబిరం పెట్టాం. బడులు తెరిచేనాటికి పిల్లలకు పుస్తకాలు అందాయి. కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష ప్రమాద బీమాకు దింపు కార్మికుల చేత దరఖాస్తులు పెట్టించాం. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటుతుందని తెలియగానే గోదావరి లంకల్లోని ముసలివాళ్లను, బాలింతలను ముందుగానే గట్టు ఇవతలికి చేర్చిన యువకులకు సంఘం తరఫున పేరుపేరునా కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టికను పంచాయతీ కార్యాలయంలో ఉంచాం, ఎవరైనా చూడవచ్చు.

ఈ ఏడాది మన శ్రమలో ఎక్కువ భాగం మాత్రం ఇంతకుముందు ఎన్నడూ చేయని పనికి వెళ్లింది. ప్రభుత్వ ఆరోగ్య బీమాకు, అంటే మనం ఆరోగ్యశ్రీ అని పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ పథకానికి, శాసనసభలో గట్టిగా మద్దతు పలకమని మన ఎమ్మెల్యే గారిని కోరాం. అందుకు దారితీసిన సంగతి సభ్యులందరికీ తెలియాలి.

అక్టోబరులో మన సభ్యుడొకరు దింపు తీస్తూ చెట్టు మీద నుంచి పడ్డారు. కుటుంబం కోరినందువల్ల పేరు రాయడం లేదు. 108 వాహనం గట్టు వరకే రాగలిగింది. నవారు మంచం మీద నలుగురు మోసుకొచ్చి ఎక్కించారు. చించినాడ వంతెన దాటి ఈ పథకం కింద ఉచితంగా వైద్యం చేసే ఒక నెట్‌వర్క్ ఆసుపత్రికి తీసుకెళ్తే వెన్నుపూస విరిగింది, ఆపరేషన్ చేయాలన్నారు. భార్య రేషన్ కార్డు తీసి చూపించింది. "ఇప్పుడు ఆ కార్డు మీద చేర్చుకోవడం లేదమ్మా, డబ్బు కట్టగలిగితే చెప్పండి" అన్నారు. ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని రాష్ట్రమంతటా నెట్‌వర్క్ ఆసుపత్రులు పథకం కింద సేవలు నిలిపివేసిన రోజులవి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లమని సలహా ఇచ్చారు. కదిపితే కాళ్లు పడిపోతాయేమోనన్న భయంతో ఆమె అందుకు ఒప్పుకోలేదు. తెల్లవారగానే మెడలోని పుస్తెలతాడు తాకట్టుకు వెళ్లింది, పసుపుకొమ్ము కట్టుకుని ఆసుపత్రికి తిరిగి వచ్చింది. ఆ మనిషి ప్రాణాలతో ఇంటికి వచ్చారు. చెట్టు ఎక్కడం మాత్రం ఇక లేనట్లే.

చేర్చుకోని ఆసుపత్రి మీద కోపం రావడం సహజం. అయితే లోపం ఎక్కడుందో సరిగ్గా చూడాలని కార్యవర్గం భావించింది. ఈ పథకంలో ఆసుపత్రి ముందుగా అనుమతి తీసుకుని వైద్యం చేస్తుంది, తరువాత బిల్లును పథకం నడిపే ప్రభుత్వ ట్రస్టుకు పంపుతుంది. ట్రస్టు చేతికి డబ్బు రావలసింది రాష్ట్ర ఖజానా నుంచి. అక్కడ నెలల తరబడి జాప్యం జరిగితే మందుల దుకాణానికి, సిబ్బంది జీతాలకు ఆసుపత్రి అప్పు చేయాలి. పెద్ద ఆసుపత్రి కొంతకాలం తట్టుకుంటుంది. మన పట్టణాల్లోని యాభై పడకల ఆసుపత్రి తట్టుకోలేదు. చర్చల తరువాత సేవలు మళ్లీ మొదలయ్యాయి, కానీ చెల్లింపుల పద్ధతి మారకపోతే ఇదే పరిస్థితి మళ్లీ రాదన్న భరోసా ఏమీ లేదు. 2007లో పథకం మొదలైనప్పుడు కుటుంబానికి పరిమితి 2 లక్షల రూపాయలు, ఇప్పుడది 25 లక్షలు. పరిమితి పెంచినందుకు సంతోషమే. గడప దగ్గరే కార్డు చెల్లనప్పుడు పరిమితి ఎంతయినా పేదవాడికి ఒరిగేదేమీ లేదు.

సెప్టెంబరులో మంత్రివర్గం సార్వత్రిక ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు భరిస్తాయి. ఆదాయంతో సంబంధం లేకుండా అందరికీ వర్తింపజేయడం మంచి నిర్ణయమని మన సంఘం నమ్ముతోంది. పదెకరాల తోట ఉన్న కుటుంబం కూడా ఒక్క క్యాన్సర్‌తో చితికిపోవడం కోనసీమలో చూస్తూనే ఉన్నాం. అందుకే మన వినతిపత్రం పథకాన్ని తప్పుపట్టలేదు, నిలబెట్టమని అడిగింది. ఆసుపత్రుల బిల్లులకు బడ్జెట్‌లో విడిగా నిధి ఉంచి నిర్ణీత గడువులోగా చెల్లించాలని కోరాం. బీమా కంపెనీ వైద్యానికి అనుమతి నిరాకరిస్తే కారణం తెలుగులో రాసి ఇవ్వాలి, దానిపై జిల్లా స్థాయిలోనే వెంటనే అప్పీలు చేసుకునే వీలుండాలి. ఖర్చు రెండున్నర లక్షలు దాటిన రోగిని కంపెనీకి, ట్రస్టుకు మధ్య తిప్పకూడదు. చికిత్స తరువాత కోలుకునే రోజుల్లో జీవనభృతి క్రమం తప్పకుండా ఇవ్వాలి, ఎందుకంటే రోజు కూలి మీద బతికే ఇంట్లో మనిషి మంచాన పడితే మరునాటికే పొయ్యి ఆరిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రులకు ఈ పథకం కింద వచ్చే సొమ్ముతో అక్కడే ఎముకల ఆపరేషన్లకు సౌకర్యాలు పెంచాలని కూడా చేర్చాం. ఈ నివేదిక రాస్తున్న నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కాకినాడకో రాజమహేంద్రవరానికో పరుగెత్తే అవసరం తగ్గితే దారిలో పోయే ప్రాణాల్లో సగం నిలుస్తాయి.

దీనికి రాజకీయ రంగు పడుతుందని సర్వసభ్య సమావేశంలో కొందరు పెద్దలు సందేహించారు. వారి మాటను తేలికగా తీసుకోలేదు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారింది తప్ప పథకాన్ని ఎవరూ రద్దు చేయలేదు. ఏ పార్టీ కార్యకర్త ఇంట్లోనైనా ఆ కార్డు ఉంది. ఈ సంగతి చర్చించాకే తీర్మానం ఏకగ్రీవమైంది.

డిసెంబరులో ప్రతినిధి బృందం ఎమ్మెల్యే గారిని కలిసింది. వినతిపత్రం చదివి వినిపించే బాధ్యత కార్యదర్శిది. సగంలో ఉండగానే చెట్టు మీద నుంచి పడిన సభ్యుడి భార్య ముందుకు వచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి ఎక్స్‌రే ఫిల్ము, ఆసుపత్రి రశీదులు, తాకట్టు చీటీ తీసి ఒక్కొక్కటిగా బల్ల మీద పరిచింది. "బాబూ, ఈ కార్డు మీరిచ్చిందే కదా. ఆ రాత్రి ఎందుకు పనికిరాలేదో మీరే అడగండి" అంది. ఆయన తాకట్టు చీటీని చాలాసేపు చూశారు. బకాయిల మీద రానున్న బడ్జెట్ సమావేశాల్లో ప్రశ్న వేస్తానని, వైద్య ఆరోగ్య శాఖ పద్దులపై చర్చలో మాట్లాడతానని చెప్పి, మన నకలు మీద సంతకం చేశారు. సభ్యుల ముందు ఇచ్చిన మాట కాబట్టి దాన్ని నమ్ముతున్నాం, నమ్మకంతో పాటు వెంటపడతాం కూడా.

ఆయన సభలో మాట్లాడాలంటే చేతిలో ఆధారాలుండాలి. గడిచిన రెండేళ్లలో కార్డు ఉండి కూడా డబ్బు కట్టవలసి వచ్చిన ప్రతి కుటుంబం రశీదుల నకళ్లు, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను (పథకం రోగులకు సాయపడే ఉద్యోగిని) కలిసిన తేదీ, వారు చెప్పిన జవాబు ఒక కాగితం మీద రాసి అంతర్వేది తీర్థం మొదలయ్యేలోగా కార్యదర్శికి ఇవ్వాలి. రాయడం రానివారి ఇళ్లకు యువ సభ్యులు వచ్చి రాసుకుంటారు. పేర్లు బయటపెట్టం. అసలు రశీదులు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి.